తిరగేసిన టైరు

మా ఆయన కారు నిలబడిన తీరు చూస్తేనే నాకు ఒళ్ళు మండుతుంది. ఏ బండైనా నాలుగు చక్రాల మీద తిన్నగా నిలబడుతుంది. ఇది మాత్రం వెనక చక్రాలు రెండూ పైన లోపలికి వాలి, కింద బయటికి జరిగి, నెత్తిన బస్తా మోయలేక కాళ్ళు ఎడం చేసుకున్న మనిషిలా ఉంటుంది. మొదటిసారి చూసినప్పుడు ఇరుసు విరిగిందేమో అనుకున్నాను. "విరగడం ఏంటి, అలా వంచడానికే వారం పట్టింది" అన్నాడు మా ఆయన, గర్వంగా.

మాది బట్టలు కుట్టే కొట్టు. ముందు గదిలో మూడు మిషన్లు, కత్తిరించే బల్ల. వెనక రెండు గదుల్లో మా కాపురం. కొట్టు పక్కన సిమెంటు సందులో కారు. కొట్టులో సూట్లు కుట్టించుకునే ఒకాయన ఊరు మారిపోతూ చవగ్గా వదిలేసి పోయిన ఎర్ర స్పోర్ట్సు కారు అది. రెండే తలుపులు. ముందు సీటు మడిచి వెనక్కి దూరాలి. అందులోకి ఎక్కడం అనకూడదు, పడటం అనాలి. కారు వచ్చిన మర్నాటి నుంచే మా ఆయన దాన్ని నేలకి ఇంకా దగ్గర చేసే పనిలో పడ్డాడు. వీధి చివర షెడ్డులో ఆయన స్నేహితుడు ఒకడున్నాడు. అందరూ సెట్టింగు అంటారు. అసలు పేరు వాళ్ళమ్మకైనా గుర్తుందో లేదో. కారు కిందికి దించిందీ, చక్రాలు వంచిందీ అతనే.

ఆదివారం ఆ కారులో మా ఆడపడుచు ఇంటికి వెళ్ళాలని ఖాయమైంది. ఆ అమ్మాయి కొత్త ఇంట్లో చేరాక మేమింకా చూడలేదు. కొండ ఎక్కి అవతల దిగాలి. దారంతా మలుపులే, ఒక పక్క గోడ, ఒక పక్క గాలి. పైగా వానలు. ముందు మా ఆయన, పక్కన సంచులు, వెనక నేను, నా పక్కన మా పాప బుజ్జిదాన్ని కట్టేసే బుల్లి సీటు. అత్తయ్య రానంది. చేతిలో తెమలని కుట్టు పనులున్నాయట. అసలు సంగతి, ఒకసారి ఆ వెనక సీట్లో కూర్చుని మళ్ళీ బయటికి రావడానికి ఇద్దరి సాయం కావలసి వచ్చింది.

ఆ వారం మొదట్లో ఒక మధ్యాహ్నం బుజ్జిది ఖాళీ దారం రీలు దొర్లించుకుంటూ సందులోకి పోయింది. దానికి ఈ మధ్యే నడక వచ్చింది. వచ్చిన దగ్గర్నుంచి నాకు కూర్చోవడం పోయింది. రీలు కారు కిందికి దూరింది. పిల్ల కూడా దూరబోయింది. దాన్ని చంకన పట్టుకుని గుమ్మంలో కూర్చోబెట్టి, బల్ల మీది కర్ర స్కేలు తెచ్చి, నేల మీద బోర్లా పడుకుని వెనక చక్రం పక్క నుంచి చెయ్యి పెట్టాను. మోచేతి దగ్గర ఏదో గీరింది. పిన్నీసు అనుకున్నాను. మా ఇంట్లో ఏది గీరినా పిన్నీసే.

పిన్నీసు అక్కడుంటే రేపు పిల్లకి గుచ్చుకుంటుంది కదా అని ఫోను వెలుతురు వేసి చూశాను. పిన్నీసు కాదు. బయటి వైపు గీతలు గీతలుగా కొత్త చెప్పు అడుగులా ఉన్న ఆ టైరు లోపలి వైపు రెండు వేళ్ళ మేర నున్నగా గుండు చేయించుకుంది. ఆ గుండు అంచున రబ్బరు చిట్లి, జుట్టంత సన్నటి ఇనప తీగలు పైకి లేచి ఉన్నాయి. అవతలి చక్రం దగ్గరికీ పాక్కుంటూ పోయి చూశాను. అదీ అంతే. గుండె జారింది. పడుకునే ఉన్నాను కాబట్టి ఎక్కువ దూరం పోలేదు.

ఒంటికంటిన దుమ్ము దులుపుకోకుండానే కొట్టులోకి వెళ్ళాను. మా ఆయన ప్యాంటు నడుముకి పట్టీ వేస్తున్నాడు. అత్తయ్య కాజాలు కుడుతోంది.

"ఏవండీ, కారు టైర్లు అరిగిపోయాయి. తీగలు కనిపిస్తున్నాయి."

మిషను ఆపకుండానే, "కొత్తవే" అన్నాడు.

"బయటికి కొత్తవే. లోపల అరిగాయి."

"టైరు లోపల గాలుంటుంది. గాలి అరిగిందా?"

"లోపలంటే లోపలి పక్క. కారు కిందికి చూసే పక్క."

పట్టీ పూర్తయ్యాక లేచాడు. సందులోకి వచ్చి, నిలబడే చెయ్యి చాచి, టైరు బయటి వైపు గీతల్లో బొటనవేలు గోరు దించాడు. "చూడు, గోరంతా దిగుతోంది. ఇది అరిగిన టైరా?"

"వెనక నుంచి వంగి చూడండి."

వంగాడు. వంగలేదని నేనెందుకు అబద్ధం చెప్పాలి. కాకపోతే ఆయన వంగగలిగిన మేరకీ కారు అడుగుకీ మధ్య ఆయన బొజ్జ ఉంది. "పడుకోండి" అన్నాను. "ఇస్త్రీ చొక్కా ఇది. దర్జీవాడు నేల మీద దొర్లుతుంటే వచ్చేవాళ్ళు ఏమనుకుంటారు?" అన్నాడు.

ఫోటో తీసి చూపించాను. వేళ్ళతో పెద్దది చేశాడు, చిన్నది చేశాడు, ఫోను అటూ ఇటూ తిప్పాడు. "నీడ" అన్నాడు.

"నీడ గీసుకుపోతుందా?" అని మోచెయ్యి చూపించాను.

"పిన్నీసు" అన్నాడు.

నా మాటకి మా ఇంట్లో చలామణీ లేదు. గ్యాసు కట్టేశానా లేదా అని గుమ్మం దాటాక వెనక్కి వచ్చి చూస్తాను. నేల మీద గుండీ పడితే పిల్ల మింగేస్తుందని గది మొత్తం ఊడుస్తాను. ఒక్క గుండీ దొరక్కపోతే పిల్ల నోట్లో వేలు పెడతాను. బుజ్జిది పుట్టిన దగ్గర్నుంచి నాకు అన్నీ పదునుగానే కనిపిస్తున్నాయి, ఏం చెయ్యను. వీటన్నిటి కంటే పెద్ద దెబ్బ బూట్లు. కిందటి నెల దాని బూట్లు తిరగేసి చూస్తే రెండూ లోపలి అంచున అరిగి ఉన్నాయి. కాళ్ళు వంకరేమోనని ముద్ద దిగలేదు నాకు. మా ఆయన్ని పని మాన్పించి పిల్లల డాక్టరమ్మ దగ్గరికి లాక్కుపోయాను. ఆవిడ దాన్ని గదిలో అటూ ఇటూ నడిపించి నవ్వింది. "ఈ వయసులో పాదాలు చదునుగానే ఉంటాయమ్మా. నువ్వు బూట్లు చూడటం మానేసి పిల్లని చూడు" అంది. ఆ మాట మా ఆయన ఇంటికి తెచ్చి పటం కట్టించలేదు, అంతే.

ఇప్పుడు కూడా ఆ పటమే దించాడు. "మొన్న పిల్ల బూట్లు, ఇవాళ కారు బూట్లు. రేపు ఎవరివి?"

లోపల్నుంచి అత్తయ్య, "నా ఎడమ చెప్పు కూడా తేడాగా ఉంది, ఒకసారి చూడమ్మా" అంది.

ఇద్దరూ నవ్వుకున్నారు. నాకు నవ్వు రాలేదు. చదువు పదో తరగతి మధ్యలో ఆగిపోయినదాన్ని, టైర్ల గురించి నాకేం తెలుసని వాదించను? కానీ తీగ బయటికి వచ్చిందంటే దాన్ని పట్టి ఉంచే రబ్బరు లేదని చెప్పడానికి ఏ చదువు కావాలి?

మర్నాడు సెట్టింగు తన ప్యాంటు పొడవు తగ్గించుకోవడానికి వచ్చాడు. ఈయన మాట వినకపోతే పోనీ, చక్రాలు వంచినవాడు వింటాడని ఆశపడ్డాను.

"అన్నయ్యా, వెనక టైర్లు లోపలి వైపు తీగలు తేలాయి. ఆదివారం కొండ దారిన పోతున్నాం. ఒకసారి చూస్తావా?"

"చూడక్కర్లేదు వదినా, తేలతాయి" అన్నాడు తీరిగ్గా. "చక్రం అలా వాలితే బరువంతా లోపలి అంచు మీదే పడుతుంది. అరగదా మరి? అదే స్టైలు."

"అరుగుతుందని తెలిసే వంచావా?"

"లోపలెవరు చూస్తారు వదినా?"

నేను మా ఆయన వైపు చూశాను. విన్నారా అన్నట్టు. ఆయనకి విన్నది వేరు. "విన్నావా? అలాగే అరుగుతాయట. మామూలేనట" అన్నాడు. ఒకే మాట ఇద్దరి చెవుల్లో పడి రెండు మాటలైతే ఇక ఎవరితో చెప్పుకోవాలి?

ఆ పూట అన్నం దగ్గర తేల్చేశాను. "బస్సులో పోదాం. లేకపోతే మీరొక్కరే పోండి. పిల్లని ఆ కారులో పంపను."

"గుమ్మంలో కారు పెట్టుకుని బస్సులో దిగితే బావ ఏమంటాడు?" అన్నాడు మా ఆయన.

"బస్సులో వచ్చారంటాడు."

"కారు చూపిస్తానని వాడికి చెప్పాను."

"ఫోటో పంపండి. వెనక నుంచి తీసినది నా దగ్గరుంది."

అత్తయ్య కంచం పక్కకి జరిపింది. "అమ్మాయ్, నా కూతురింటికి వెళ్ళడం ఇష్టం లేకపోతే లేదని చెప్పు. దానికి టైర్లనీ తీగలనీ ఎందుకు? తలనొప్పి అన్నా సరిపోతుంది."

ఇదిగో, ఇదీ వరస. నేను పిల్ల ప్రాణం గురించి మాట్లాడుతుంటే, వీళ్ళు దాన్ని వదినా ఆడపడుచుల తగాదా చేసేశారు. ఇప్పుడు రానంటే పొగరు. వస్తానంటే పిల్లని ఆ తీగల మీద కూర్చోబెట్టాలి. ముందు నుయ్యి వెనక గొయ్యి అంటారే, నాది అంతకంటే అన్యాయం. నూతిలో దూకమని తోస్తూ, దూకేటప్పుడు కాస్త నవ్వుముఖం పెట్టమంటున్నారు.

శుక్రవారం వాన పడింది. మా ఆయన గుండీలు కొనుక్కుని సాయంత్రం తిరిగి వచ్చాడు. గేటు ముందు నీళ్ళలోంచి వచ్చిన కారు సందులో రేకు కింద పొడిగా ఉన్న సిమెంటు మీదికి ఎక్కింది. ముందు చక్రాల తడి అరచెయ్యంత వెడల్పున పడింది. ముందుకు జరిగి ఆగేసరికి వెనక చక్రాల తడి ఆ వెడల్పు పక్కన, సన్నటి పట్టీలా, రెండు వేళ్ళంత పడింది. అంత లావు టైరులో నేలని తాకుతున్నది అంతే. అరిగినంత మేరే తాకుతోంది, తాకినంత మేరే అరుగుతోంది. స్నానం చేయించాక బుజ్జిదాని తడి అడుగులు రోజూ చూస్తాను కాబట్టి నాకు చప్పున తెలిసింది. దీనికి పడుకోనక్కర్లేదు, ఫోటో అక్కర్లేదు. నిలబడి చూస్తే చాలు.

"ఏవండీ, రండి, ఇది చూడండి" అని లోపలికి పరిగెత్తాను. ఆయన చేతులు కడుక్కుని, తువ్వాలుతో తుడుచుకుని, తువ్వాలు ఆరేసి వచ్చేసరికి అత్తయ్య చీపురు పట్టుకుని సందులో ఉంది.

"తడి తడిగా ఉంది. పిల్ల జారుతుందని నువ్వే అంటావుగా" అంది. నీళ్ళన్నీ ఊడ్చేసింది.

మా ఆయన శుభ్రంగా ఉన్న సిమెంటు వైపు చూశాడు, నా వైపు చూశాడు. "బాగుంది" అని లోపలికి పోయాడు.

గోడకి తల కొట్టుకుందామనుకున్నాను. కొట్టుకుంటే పిల్ల భయపడుతుందని ఊరుకున్నాను.

ఆ తర్వాత కాసేపటికి అత్తయ్య దగ్గరికి ఒక పాత చొక్కా వచ్చింది. కాలరు మడత దగ్గర చిరిగి పోగులు లేచాయి. అత్తయ్యకి ఇలాంటి పని వెన్నతో పెట్టిన విద్య. కాలరు కుట్లు విప్పింది, తిరగేసింది, మళ్ళీ కుట్టింది. చిరిగిన వైపు అడుగుకి పోయి, వాడని వైపు పైకి వచ్చింది. మెడలో తాడుకి వేలాడే బుల్లి కత్తెరతో దారాలు కత్తిరించింది. ఆ కత్తెర ఆవిడ స్నానానికి తప్ప తియ్యదు. ఏ బట్టైనా గుమ్మం దాటేముందు ఆవిడ చేతి కింద నుంచి పోవాలి. పోగు వేలాడితే కుట్టినవాడి పరువు వేలాడినట్టే అంటుంది.

చొక్కా ఎత్తి చూసుకుంటూ ఆవిడకి ఏం తట్టిందో, "ఒరేయ్, లోపలి వైపు అరిగిందనేగా దీని గోల. కాలరు తిప్పినట్టు ఆ టైరు తిప్పెయ్యకూడదా?" అంది.

మా ఆయన ముఖం వెలిగిపోయింది. "అమ్మా, అది నిజంగా చేస్తారే. రిమ్ము నుంచి విప్పి, అటుది ఇటు తిప్పి ఎక్కిస్తారు. సెట్టింగు దగ్గర మిషనుంది."

"చూశావా?" అంది అత్తయ్య నాతో. "సమస్య చెప్పడం కాదు, ఉపాయం చెప్పాలి."

"అత్తయ్యా, కాలరు మెడ మీద ఊరికే కూర్చుంటుంది. టైరు మా ముగ్గుర్నీ మోస్తుంది. చిరిగిన చొక్కాని ఎటు తిప్పినా చిరిగిన చొక్కాయేగా."

"నేను తిప్పిన కాలర్లు ఎన్నేళ్ళు ఆగాయో ఈ వీధిలో ఎవర్నైనా అడుగు."

"ఆగకపోతే మెడ పోదు కదా అత్తయ్యా."

"ముందు అరిగిందన్నావు. తిప్పుతానంటే వద్దంటున్నావు. నీకు కావలసింది ఏంటి అసలు?" అన్నాడు మా ఆయన.

కొత్త టైర్లు కావాలి. తిన్నగా నిలబడ్డ చక్రాలు కావాలి. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, నేను చెప్పినదాన్ని చెప్పినట్టుగా వినే మనిషి కావాలి. ఇవన్నీ అంటే మళ్ళీ డాక్టరమ్మ పటం దిగుతుంది.

శనివారం మధ్యాహ్నం కారు షెడ్డుకి పోయి సాయంత్రానికి వచ్చింది. మా ఆయన దిగుతూనే, "రా, చెయ్యి పెట్టి చూసుకో. తర్వాత అనకు" అన్నాడు. పడుకుని లోపలి వైపు చెయ్యి పెట్టాను. గీతలు లోతుగా, కొత్తగా తగిలాయి. ఎక్కడా గీరలేదు. మరి ఆ తీగలు? లేచి బయటి వైపు చూశాను. టైర్లు రెండూ కాటుక పెట్టినట్టు నల్లగా నిగనిగలాడుతున్నాయి. వేలు పెడితే వేలికి నలుపు అంటింది.

"ఇదేంటి?"

"టైరు పాలిషు. సెట్టింగు ఊరికే వేశాడు."

"దీని కింద తీగలున్నాయా?"

"ఒకటో రెండో పోగులు కనిపిస్తే పాలిషు దట్టంగా పట్టించాం. ఆ వైపు నేలకి పెద్దగా తగలదట. ఇంక నీకు భయం దేనికి?"

"సెట్టింగు ఇంకేమన్నాడు?"

"ఏమంటాడు? మెల్లగా పొమ్మన్నాడు. ఎవరైనా మెల్లగా పొమ్మనే అంటారు."

పాలిషు పూస్తే పుండు మానుతుందా? కానీ నా నోరు కూడా అలిసిపోయింది. ఆడపడుచు ఫోను చేసి బుజ్జిదానికి ఊయల కట్టానంది. నిజంగా ఇది కూడా బూట్ల లాంటిదేనేమో, అందరికీ మామూలుగా కనిపిస్తున్నది నాకొక్కదానికే తీగలా కనిపిస్తోందేమో అని కూడా అనిపించింది. పిల్ల బట్టలు సర్దాను. సర్దిన సంచీ విప్పాను. మళ్ళీ సర్దాను.

ఆదివారం పొద్దున్న ఎండ కాసింది. మా ఆయన నల్లద్దాలు పెట్టుకున్నాడు. ముందు సీటు మడిచి పిల్లని దాని సీట్లో కూర్చోబెట్టాను. పట్టీ బిగించాను, వదులు చేశాను, మళ్ళీ బిగించాను. బుజ్జిది రీలు కావాలని ఏడుపు మొదలుపెట్టింది. రీలు తెచ్చి చేతిలో పెట్టి నేను కూడా లోపలికి దూరబోతూ, కాలు పెట్టలేక అక్కడే నిలబడ్డాను.

"ఎక్కు. మెల్లగానే పోతాను" అన్నాడు మా ఆయన.

అత్తయ్య కూతురికి పంపే దుప్పటి మూట పట్టుకుని గుమ్మంలోంచి వచ్చింది. మూట ముందు సీట్లో పెట్టింది. మమ్మల్ని ఎగాదిగా చూసింది. మా ఆయన చొక్కా చేతి అంచున ఒక దారం ఉంటే అలవాటుగా కత్తిరించింది. కారు వెనక నుంచి చుట్టి ఇటు రాబోతూ ఆగిపోయింది.

"ఒరేయ్, ఇక్కడ పోగొకటి వేలాడుతోంది."

"ఎక్కడ?"

"చక్రానికి. ఇంత సోకు చేసి దారం వదిలేశాడేంటి వాడు? చూసినవాళ్ళు నవ్వరూ?"

వంగింది. కత్తెర పెట్టింది. కిర్రుమంది. దారం తెగలేదు. మళ్ళీ గట్టిగా నొక్కింది. కత్తెర మొన టప్పున విరిగి సిమెంటు మీద పడింది.

అత్తయ్య విరిగిన మొన వైపు చూసింది. ఆ కత్తెరతో ఆవిడ కోటు గుడ్డ కోసింది, కాన్వాసు కోసింది, ఒకసారి చెప్పు తోలు కూడా కోసింది. కొంగుతో టైరు మీది పాలిషు తుడిచింది. కొంగు నల్లగా అయిపోయింది. తుడిచిన చోట ఒక తీగ పక్కన ఇంకొకటి, దాని పక్కన ఇంకొకటి. వేలితో పట్టుకుని ఒకదాన్ని లాగింది. నెరిసిన వెంట్రుక లాగినట్టు కాదు, చీర అంచు కుట్టు విప్పినట్టు రబ్బరుని చీల్చుకుంటూ జానెడు బయటికి వచ్చింది.

"ఇది దారం కాదురా" అంది.

"అది చిన్నదమ్మా, పైపైన..."

"ఇలా రా."

"అమ్మా, ఆలస్యం అవుతోంది."

"రా ఇటు. మోకాళ్ళ మీద కూర్చో."

ఇస్త్రీ ప్యాంటుతో మా ఆయన సిమెంటు మీద మోకాళ్ళు వేశాడు. నేను వారమంతా చెప్పి చెయ్యించలేనిది ఆవిడ ఒక్క మాటతో చేయించింది. ఆయన చెయ్యి పట్టుకుని ఆ తీగల మీద ఆనించింది. చురుక్కుమన్నట్టుంది, చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. నల్లద్దాలు తీశాడు. ఇంకోసారి, ఈసారి తనంతట తనే, ఒక్క వేలితో అంచు వెంబడి తడుముకుంటూ పోయాడు. పైనుంచి కిందిదాకా తీగలే. ఆయన ముఖంలో రంగు దిగిపోవడం నాకు కనిపించింది. అంతవరకూ ఆయన చూడలేదు, అంతే. పాలిషు పట్టించిన పూట కూడా ఆయన టైరుని ఒక్కదాన్నే చూశాడు. ఇప్పుడు కారులోంచి రీలు కోసం కేకలు పెడుతున్న బుజ్జిదాన్ని చూశాడు.

"చొక్కా అంచున ఇంత పోగు లేస్తే గుమ్మం దాటనిస్తామా మనం?" అంది అత్తయ్య. గొంతు పెద్దది చెయ్యలేదు. "దీని మీద నా మనవరాల్ని కొండెక్కిస్తావా?"

"నువ్వేగా అమ్మా తిప్పమన్నావు."

"నేను కాలరు సంగతి చెప్పాను. చూసుకోవలసింది నువ్వు."

ఆవిడ కారులోకి నడుము వరకూ దూరి, పట్టీ విప్పడం చేతకాక, "ఈ కట్టు ఎవరు వేశారు, ఏనుగుని కట్టినట్టు" అని విసుక్కుంది. నేను విప్పాను. పిల్లని ఎత్తుకుని, నా పక్క నుంచి పోతూ ఒక్క క్షణం ఆగింది. నాతో ఏదో అంటుందనుకున్నాను. వారం రోజులుగా చెప్తూనే ఉన్నావు, మేమే వినలేదు, ఇలాంటిదేదో. అత్తయ్య నా మోచేతి మీద ఎండిన గీత వైపు చూసింది.

"దీనికి మందేమైనా రాశావా? ఇనుము గీసుకుంటే ఊరుకోకూడదు" అంది. ఆవిడ దగ్గర నాకు దొరికింది అంతే. తీసుకున్నాను.

మా ఆయన మోకాళ్ళు దులుపుకుని, కాస్త పక్కకి వెళ్ళి చెల్లెలికి ఫోను చేశాడు. నాకు వినపడదనుకున్నాడు. "బస్సులో వస్తున్నాం రా. అదేం లేదు, బయల్దేరే ముందు నేను టైర్లన్నీ ఒకసారి చూసుకుంటాను కదా... ఆఁ, చూశాను కాబట్టి సరిపోయింది. లేకపోతే ఎంత ప్రమాదం. వీళ్ళకేం తెలుస్తుంది."

నాకు నవ్వూ రాలేదు, ఏడుపూ రాలేదు. పళ్ళు మాత్రం కొరుక్కున్నాను. అరిగితే అవీ లోపలి వైపే అరుగుతాయి, ఎవరూ చూడరు.

కొత్త టైర్లు వేయించి, చక్రాలు మనిషి కాళ్ళలా తిన్నగా నిలబెట్టించేదాకా పిల్ల ఆ కారులో కాలు పెట్టడానికి వీల్లేదని అత్తయ్య సందులో నిలబడి చెప్పింది. సెట్టింగుకి కూడా కబురు పంపింది. అతని ప్యాంటు ఇంకా మా బల్ల మీదే ఉంది. చక్రాలు తిన్నగా అయ్యాకే అది అతని చేతికి వెళుతుందట.

బస్సు స్టాండులో జనం ఎక్కువగానే ఉన్నారు. మా ఆయన దుప్పటి మూట భుజాన వేసుకుని, నేను పిల్లనీ సంచీనీ వేసుకుని పోయాం. బస్సు ఇంకా కదలలేదు. ఆయన ఎక్కి సీట్లు పట్టుకున్నాడు. నేను ఎక్కడానికి కాస్త ఆలస్యమైంది. కూర్చున్నాక బుజ్జిది కిటికీ చువ్వ పట్టుకుని, రీలు దానికేసి కొట్టడం మొదలుపెట్టింది.

మా ఆయన ఉండబట్టలేక, "ఇంతకీ ఈ బస్సు టైర్లు చూశావా?" అన్నాడు. వెటకారమే. పాతంత పదును మాత్రం లేదు.

"చూశాను" అన్నాను.

"ఎప్పుడు?"

"మీరు సీటు పడుతున్నప్పుడు."

ఆయన నా చీర అంచున అంటిన దుమ్ము చూశాడు. కండక్టరు ఈల వేశాడు. బస్సు కదిలింది. వీధి మలుపు దాటాక మా ఆయన ముందు సీటు కడ్డీ పట్టుకుని నా వైపు వంగాడు. గొంతు బాగా తగ్గించాడు.

"బానే ఉన్నాయా?"

"ఎడమ పక్క వెనకది లోపలి వైపు చూడబోతే కండక్టరు తిట్టాడు. మిగతావి బాగున్నాయి."

మొదటి కొండ మలుపు దాకా ఆయన ఆ కడ్డీ వదల్లేదు.